రిబ్బను కట్టిన ప్రయోగశాల

కరకపుట్టు,
నవంబరు 16, ఆదివారం.

చెవి మిషను బీరువాలో దాచేసి హాయిగా ఉన్న మా అత్తయ్యకు,

మీ కోడలు భాను నమస్కారాలు. ఫోన్లో నేను గొంతు చించుకుని అరవడం, అటు మీరు "ఆఁ, తిన్నానమ్మా" అనడం, దానికంటే ఉత్తరమే నయమని మీరు రాసింది నిజం. నాకూ సిగ్నల్ కోసం కాఫీ తోట దాటి రోడ్డు మలుపు దాకా నడిచే పని తప్పింది. ఇక్కడ చలి మొదలైంది. పొద్దున్న తొమ్మిదయితేగాని మంచు విడవడం లేదు. మీరు పంపిన స్వెట్టరు వేసుకునే రాస్తున్నాను. మీ మోకాళ్ళ సంగతి ఒక్క ముక్క రాయకుండా, బడి ఎలా ఉందని అడిగారు. అడిగారు గనుక ఇక చదవండి.

మా బడికి సైన్సు ప్రయోగశాల వచ్చిందని పోయినేడు మీకు చెప్పాను. మా కోడలి బడికి మరమనుషులు వచ్చారని మీరు సాలూరులో వీధంతా చాటారట, మీ అబ్బాయి చెప్పారు. మరమనుషులు కాదు అత్తయ్యా, వాటిని పిల్లల చేత తయారు చేయించే సామాను. ఏజెన్సీ పిల్లలకు సైన్సు, సాంకేతిక విద్య చేతులతో నేర్పాలని ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటు అది. మొత్తం పద్నాలుగు పెట్టెలు. పాడేరు నుంచి జీపులో వచ్చి, ఆఖరి రెండు కిలోమీటర్లూ బురదలో జీపు కదలకపోతే ఊళ్ళో మగవాళ్ళ భుజాల మీద వచ్చాయి. ఆరు మైక్రోస్కోపులు, ఒక టెలిస్కోపు, మోటార్లు, సెన్సర్లు, ప్లాస్టిక్ తీగను కరిగించి వస్తువులు పోసే యంత్రం ఒకటి. పోయిన ఏడాది సెప్టెంబరులో వచ్చాయి. ఇప్పటికి పద్నాలుగు నెలలు. ఒక్క పెట్టె కూడా పిల్లలకు అందలేదు.

ఎందుకంటే ప్రారంభోత్సవం కాలేదు. నవ్వకండి, ఇదే కారణం. గది తలుపుకు అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టి ఉంది. దాన్ని పెద్ద అధికారి ఎవరో ఒకరు వచ్చి కత్తిరించాలి. మొదటి తేదీకి ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడింది. రెండో తేదీకి ఎన్నికల కోడ్ వచ్చింది. మూడోసారి అంతా సిద్ధం చేశాక, అది శూన్యమాసమని, శుభకార్యం పనికిరాదని పైనుంచి ఎవరో గుర్తుచేశారు. టెలిస్కోపు తీసి చుక్కల్ని చూపించాల్సిన వాళ్ళు చుక్కలకు భయపడి ఆగిపోయారు. నాలుగోసారి రావలసిన ఆయనకు బదిలీ అయింది. ఆయన పేరు చెక్కిన శిలాఫలకం పనికిరాకుండా పోయింది. ఆ రాయి మీద ఇప్పుడు మా హాస్టల్ పిల్లలు బట్టలు ఉతుక్కుంటున్నారు. ఆ గ్రాంటు వల్ల పిల్లలకు ఇప్పటిదాకా దక్కినది అదొక్కటే.

మా హెడ్మాస్టరు శివప్రసాద్ గారు మంచివారే. పిల్లలకు జ్వరం వస్తే తన దుప్పటి ఇచ్చేస్తారు. కానీ ఆ గది తాళంచెవి మాత్రం ఆయన మొలతాడుకు కట్టుకున్నారని పిల్లలు చెప్పుకుంటారు. వారానికోసారి వెళ్ళి అడుగుతాను. "ప్రారంభం కాని వస్తువు మనది కాదమ్మా, మన దగ్గర ఉన్నదంతే" అంటారు. నేను పదో తరగతికి నల్లబల్ల మీద మైక్రోస్కోపు బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటాను. ఆ బల్ల ఉన్న గోడకు అవతల ఆరు మైక్రోస్కోపులు ఉన్నాయి. ఆ గోడ మీద బొమ్మ గీస్తుంటే నాకు సుద్దముక్క విసిరికొట్టాలనిపిస్తుంది.

ఈ మార్చితో నా పదో తరగతి వెళ్ళిపోతుంది. ముప్ఫై ఒక్కమంది. కొందరు పాడేరులో ఇంటర్ చదువుతారు, కొందరు కాఫీ పళ్ళు కోయడానికి పోతారు. వాళ్ళు వెళ్ళేలోగా ఆ పెట్టెల్లోది ఒక్కటైనా చేత్తో పట్టుకుని, కంటితో చూసి వెళ్ళాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు. దీనికి ఏం చేయాలో మీకేమైనా తోస్తే రాయండి. ముప్ఫై ఐదేళ్ళు కొండల్లో నర్సుగా తిరిగారు, నాకంటే ఎక్కువ తాళాలే చూసి ఉంటారు.

మీ కోడలు,
భాను


కరకపుట్టు,
డిసెంబరు 7.

"తాళం పగలగొట్టు" అని రెండే మాటలు రాసి, దాని మీద ఐదు రూపాయల స్టాంపు అంటించిన అత్తయ్యకు,

దండాలు. పగలగొట్టే ధైర్యం మీ కోడలికి ఉంటే ఈ ఉత్తరాలు ఎందుకు? కాస్త మర్యాదైన దారి పట్టాను. పేరెంట్స్ కమిటీ మీటింగు పెట్టించాను. తల్లిదండ్రులు గట్టిగా అడిగితే హెడ్మాస్టరు గారు కాదనలేరని నా లెక్క. పద్నాలుగు మంది వచ్చారు. కమిటీ చైర్మన్ సోంబరు గారు, పదో తరగతి కనక తండ్రి, కాఫీ, రాగులు పండించుకునే మనిషి. పెట్టెలు మోసిన వాళ్ళలో ఆయన కూడా ఉన్నారు. అందరూ వరండాలో నేల మీద కూర్చున్నారు. నేను ఇరవై నిమిషాలు మాట్లాడాను అత్తయ్యా. మీ పిల్లల కోసం వచ్చిన వస్తువులు, మీ భుజాల మీద వచ్చిన వస్తువులు, మీరే అడగాలి అని చెప్పాను.

తర్వాత శివప్రసాద్ గారు లేచి ఒక్క మాట అన్నారు. ప్రారంభం అవకుండా ముట్టుకోకూడదు కదా అన్నారు. అంతే, పద్నాలుగు తలలూ ఊగాయి. సోంబరు గారైతే నా వైపు తిరిగి, ఏమీ తెలియని పిల్లకు చెప్పినట్టు, "అవును మరి మేడమ్. ఆ పని అవకుండా ముట్టకూడదు" అన్నారు. మిగిలినవాళ్ళు కూడా అవునన్నారు. ఒక ముసలమ్మ నా భుజం మీద తట్టి మరీ వెళ్ళింది. ఇంత అణకువ ఏమిటి వీళ్ళకు? అధికారి రిబ్బను కత్తిరించేదాకా మా పిల్లలు మూర్ఖులుగా ఉన్నా ఫరవాలేదని తండ్రులే తలూపితే ఇక నేనెవరి కోసం కొట్లాడాలి?

ఇంత కోపం ఎందుకని మీరు అడుగుతారు. అడగకముందే చెప్పేస్తాను. ఈ విషయం మీ అబ్బాయికి కూడా తెలియదు. ఆ గది ఒక్కసారి తెరిచారు. పోయిన మార్చిలో. గ్రాంటు వినియోగించినట్టు ధ్రువపత్రం, ఫొటోలు పంపకపోతే రెండో విడత రాదని పైనుంచి ఫోన్ వచ్చింది. హెడ్మాస్టరు గారు పక్క తలుపు తీయించారు, రిబ్బను కదలకుండా. రెండు మైక్రోస్కోపులు బల్ల మీద పెట్టాం. అడుగున థర్మోకోలు కూడా తీయలేదు. కంటి దగ్గర మూత కూడా తీయలేదు. తొమ్మిదో తరగతి పిల్లల్ని చుట్టూ నిలబెట్టి, కనకను వంగి చూడమన్నాం. ఫొటో తీశాక అన్నీ మళ్ళీ పెట్టెల్లో పెట్టేశాం. అరగంట పట్టింది. "నూట పన్నెండు మంది విద్యార్థినులు ప్రయోగాలు చేసిరి" అన్న కాగితం మీద సైన్సు టీచరుగా సంతకం నాది.

ఆ ఫొటోను ఫ్లెక్సీ చేయించి వరండాలో కట్టారు. దాని కింద "ఉల్లిపొర కణాలను పరిశీలిస్తున్న విద్యార్థినులు" అని రాయించారు. మర్నాడు కనక దాని ముందు చాలాసేపు నిలబడి, తర్వాత స్టాఫ్ రూముకు వచ్చింది. ఆ పిల్ల ఎగతాళి చేయలేదు అత్తయ్యా. చేసి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. "మేడమ్, నాను ఉల్లిపొర కణాలు సూస్తన్నానని రాసేరు. అవెలాగుంటాయి మేడమ్?" అంది. పుస్తకంలో నలభయ్యో పేజీలో ఉంది చూడు అన్నాను. వెళ్ళి చూసింది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. కానీ మొదటి బెంచీలో కూర్చుని ఆ పిల్ల నా వైపు చూసినప్పుడల్లా నేను నల్లబల్ల వైపు తిరుగుతున్నాను.

ఇప్పుడు మళ్ళీ ధ్రువపత్రం వేళయింది. జనవరి నెలాఖరుకు పంపాలట. ఈసారి ఫొటోలు ఎక్కువ కావాలట. శివప్రసాద్ గారు ఖాళీ ఫారం నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. నేను దాన్ని అట్టల కింద దాచాను. మీ కోడలు దొంగ సంతకం పెట్టిన మనిషి అని మీకు తెలియాలనే రాశాను. తిట్టండి.

భాను


కరకపుట్టు,
జనవరి 4.

అత్తయ్యకు,

నమస్కారాలు. మీరు తిట్టలేదు. వేయని టీకాకు రిజిస్టరులో గీత పెట్టిన నర్సును, ఆ రిజిస్టరు చంకన పెట్టించి, పదకొండు ఇళ్ళకూ మీరే నడిపించుకు వెళ్ళి టీకాలు వేయించారని రాశారు. అంతే రాసి, మోకాళ్ళు బాగానే ఉన్నాయని ముగించారు. ఆ ఉత్తరం మూడుసార్లు చదివాను. దానికంటే నాలుగు తిట్టు మాటలు రాసి ఉంటే నాకు అన్నం సయించేది.

అన్నం అంటే గుర్తొచ్చింది. నేను ఎంత తెలివితక్కువదాన్నో తెలిసిన సంగతి ఇది, పూర్తిగా చదవండి. పోయిన సోమవారం హాస్టల్ వార్డెను సెలవులో ఉంటే భోజనాలు నేను చూశాను. సంతలో లేత చిక్కుళ్ళు కనిపిస్తే, రోజూ పప్పేనా అని నేనే కొనుక్కొచ్చి కూర చేయించాను. సగంమంది పిల్లలు తిన్నారు. సగంమంది పళ్ళెంలో కూర పక్కకు నెట్టి పప్పునీళ్ళతో తిన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పటికే అందరి మీదా కోపంగా ఉన్నానేమో, తిండి పారేస్తారా అని గట్టిగా కేకలేశాను. చివరికి కనక లేచి, "మా ఊర్లో చిక్కుడు కొత్త ఇంకా అవలేదు మేడమ్. అయిపోయినోళ్ళు తిన్నారు" అంది.

కొత్త అంటే ఇక్కడి పండగ. కొర్రలకూ సామలకూ చిక్కుళ్ళకూ మామిడికాయకూ, ప్రతిదానికీ ఒక కొత్త ఉంటుంది. పంట చేతికొచ్చినా, చెట్టు నిండా కాసినా, ఆ రోజు వచ్చేదాకా ఎవరూ నోట పెట్టరు. ముందు పోయిన పెద్దలకు పెట్టి, ఊళ్ళో పెద్దవాళ్ళు తిని, ఆ తర్వాత పిల్లలు తింటారు. పేరు నేను విన్నాను. రెండున్నరేళ్ళు ఇక్కడ ఉద్యోగం చేస్తూ, నా పిల్లలు ఏ నెలలో ఏది తినరో ఒక్కసారి అడగలేదు. ముద్ద నోట్లోకి వెళ్ళకముందే అడగవలసిన విషయం అది. మీరైతే మొదటి వారంలోనే అడిగేవారు.

నిన్న శనివారం సోంబరు గారింటికి వెళ్ళాను, చిక్కుళ్ళ సంగతికి క్షమించమని చెప్పడానికి. ఆయన కళ్ళంలో కాఫీ పళ్ళు ఆరబోస్తున్నారు. చాప వేసి, మిరియాలు వేసిన కాఫీ ఇచ్చారు. నేను ఉండబట్టలేక, మీటింగులో మీరంతా హెడ్మాస్టరు గారికి తలూపారేమిటని అడిగేశాను. ఆయన ఆశ్చర్యపోయారు. కొత్త వస్తువు, కొత్త చేయకుండా పిల్లలకు ఇవ్వకూడదని మీ సారే అన్నారు కదా, సరైన మాటే కదా అన్నారు. మీ ఆఫీసోళ్ళకూ మా లాగే కొత్త ఉంటుందని తెలిసి ఆ రోజు ఊరంతా ముచ్చటపడ్డారట. ముసలమ్మ నా భుజం తట్టింది అందుకట. అణకువ అని నేను తిట్టుకున్నది అదీ.

పదహారు నెలల నుంచి ఆ కొత్త చేసే మనిషి రావడం లేదని చెప్పాను. కొండచరియ, కోడ్, శూన్యమాసం, బదిలీ, అన్నీ వరసగా చెప్పాను. ఆయన చేతిలో పళ్ళు కింద పెట్టేశారు. "రాకపోతే ఇంకోలు సేస్తారు కదా మేడమ్. దిసారి రోజు సెప్పినాక ఆ రోజు అయిపోవాలి. ఎవులో రాలేదని గింజలు కుళ్ళబెట్టుకుంటామేటి?" అన్నారు. దిసారి అంటే వాళ్ళకు రోజూ వేళా చూసి చెప్పే పెద్ద. మీకు దిసారి లేకపోతే మా మంగ్లు ఉన్నాడు, అతన్ని అడుగుదాం అన్నారు. అక్కడికక్కడే పక్క పాకలోంచి మంగ్లును పిలిపించారు. అతను వేళ్ళు లెక్కపెట్టుకుని బుధవారం బాగుందన్నాడు. ప్రభుత్వానికి పదహారు నెలల్లో దొరకని ముహూర్తం మూడు నిమిషాల్లో దొరికింది.

మధ్యాహ్నం శివప్రసాద్ గారి దగ్గరకు కమిటీ అంతా వెళ్ళాం. నేను గ్రాంటు మార్గదర్శకాలు నలభై రెండు పేజీలూ చదివి వెళ్ళాను. ప్రారంభోత్సవం అన్న మాట అందులో ఒక్కచోట కూడా లేదు. ఆ మాట చెప్పాను. ఆయన అందరినీ పంపేసి నన్ను ఒక్కదాన్నే కూర్చోమన్నారు. పన్నెండేళ్ళ కిందట ఇంకో బడిలో కంప్యూటర్లు వస్తే ప్రారంభానికి ముందే పిల్లలకు ఇచ్చారట. వచ్చిన పెద్దమనిషి వాడిన కీబోర్డు చూసి, అందరి ముందూ, పిల్లల ముందూ, నువ్వు మాస్టరువా కూలివాడివా అని అడిగాడట. ఇంక్రిమెంటు కూడా ఆపేశారట. అది పోయినందుకు కాదమ్మా నా బాధ, ఆ మాటకు అన్నారు. తనకు ఇంకా రెండేళ్ళ సర్వీసే మిగిలిందన్నారు. నాకు జాలి వేసింది, కోపం కూడా తగ్గలేదు. ఆయనకు జరిగిన అవమానానికి నా ముప్ఫై ఒక్కమంది ఎందుకు గుడ్డివాళ్ళుగా వెళ్ళిపోవాలి? ఆ మాటే అన్నాను.

బుధవారం ఏమవుతుందో తెలియదు. తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. ఆయన ఇవ్వకపోతే ఈసారి మీరు చెప్పిన రెండు మాటలే చేస్తాను.

మీ కోడలు,
భాను


కరకపుట్టు,
ఫిబ్రవరి 1.

పదకొండు ఇళ్ళు నడిచిన మా అత్తయ్యకు,

మీ కోడలు నమస్కరించి రాస్తున్నది. ఆలస్యానికి కోపగించకండి. నాలుగు వారాలుగా బడి అయ్యాక కూడా ప్రయోగశాల వదిలి రాలేకపోతున్నాను. అవును, తెరిచాం.

బుధవారం పొద్దున్న శివప్రసాద్ గారు నన్ను పిలిచి, పాడేరులో పని ఉందని, సాయంత్రానికి గాని రానని చెప్పారు. చెప్పి, తాళంచెవి బల్ల మీద పెట్టి, దాని మీద హాజరు పట్టీ కప్పి, జీపెక్కి వెళ్ళిపోయారు. ఆయనకు ఎంత చేతనైతే అంత చేశారు. పదయ్యేసరికి ఊరంతా వరండాలో ఉంది. మంగ్లు ఒక కోడిని చంకన పెట్టుకొచ్చాడు. మైక్రోస్కోపు ముందు రక్తం వద్దని నేను గంటసేపు బతిమాలాను. చివరికి గదిలో పసుపు బియ్యం, కోడి మాత్రం ఆవరణ అవతల, వండింది పిల్లలకే అన్న ఒప్పందం కుదిరింది. రిబ్బను ఎవరు కత్తిరించాలని నేను అడిగితే ఎవరికీ అర్థం కాలేదు. కట్టింది విప్పితే చాలు కదా అని ఒకావిడ ముడి విప్పి, రిబ్బను మడిచి నా చేతికిచ్చింది.

ఆరు మైక్రోస్కోపులూ పెట్టాను. ఉల్లిపొర తీసి, అద్దం తిప్పి, వెలుతురు సరిచేశాను. పిల్లలు వరసలో నిలబడ్డారు కానీ ఒక్కరూ కదలలేదు. మొదట పెద్దవాళ్ళు చూడాలి. ఊళ్ళో అందరికంటే పెద్దది యర్రమ్మ, ఆ రోజు నా భుజం తట్టిన ముసలమ్మ. ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టారు. ఒక కన్ను మూసుకోవడం ఆమెకు రాలేదు, కనక తన అరచేయి అడ్డం పెట్టింది. యర్రమ్మ చాలాసేపు చూసింది. అప్పుడు కన్ను తీయకుండానే, "ఎవులో మడులు కట్టేరు. గట్లు బాగా వేసేరు. నీరు కూడా ఉన్నాది" అంది.

నేను ఎనిమిదేళ్ళుగా కణాలు చెబుతున్నాను అత్తయ్యా. గోడలు, లోపల ద్రవం, వరసలు అని చెప్పి పిల్లల చేత బట్టీ పట్టించాను. ఒక్కసారి చూసి ఆమె అంతా చెప్పేసింది. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందే ఏడ్చాను. తర్వాత కనక వంతు వచ్చింది. వెనక పిల్లలు లాగుతున్నా కదల్లేదు. చివరికి లేచింది. నా వైపు చూసింది. ఈసారి నేను తిరగలేదు.

మర్నాడు కనక వాళ్ళ తోటలోంచి కాఫీ ఆకులు తెచ్చింది, వెనకవైపు పసుపు రంగు పొడి పట్టినవి. తండ్రి మూడేళ్ళుగా ఆ తెగులుతో చెట్లు పోగొట్టుకుంటున్నారు. ఆ పొడిని గాజు పలక మీద దులిపి చూసి, ఇవి గింజల్లా ఉన్నాయి, మొలుస్తాయా అని అడిగింది. నాకు తెలియదన్నాను. తెలియదని చెప్పడం ఎంత సుఖంగా ఉందో. ఇప్పుడు ఆరు ఊళ్ళ ఆకులు మా దగ్గర వరసగా ఉన్నాయి, ఏ ఊరిది ఎంత పట్టిందో రాసి గోడకు అంటించారు.

ఇక చిరాకు సంగతి. అది లేకుండా ఈ బడి ఎక్కడ సాగుతుంది? పోయిన వారం కబురొచ్చింది. ఫిబ్రవరి పన్నెండున కొత్త అధికారి ప్రారంభోత్సవానికి వస్తున్నారు. ఇన్నాళ్ళూ లేని మనిషి ఇప్పుడే దొరికాడు. శివప్రసాద్ గారు చెమటలు పట్టి, అన్నీ తుడిచి మళ్ళీ పెట్టెల్లో సర్దుదాం, రిబ్బను మళ్ళీ కడదాం, గోడ మీద కాగితాలు తీసేద్దాం అన్నారు. పిల్లలతో చెబితే ఎవరూ పెట్టె ముట్టలేదు. మొండితనం కాదు, వాళ్ళకు అది కుదరని పని. సోంబరు గారు వచ్చి నిదానంగా చెప్పారు. "రెండోపాలి సేత్తే, యర్రమ్మ సూసింది ఏటయినట్టు సారూ? పెద్దాయన్ని రమ్మనండి. అతిథి లాగ వస్తాడు, సూస్తాడు. మేము వద్దనలేదు" అన్నారు.

అధికారి రాకకు ముందు పంపాల్సిన ఫారం ఒకటి ఉంది. అందులో ప్రారంభకుల పేరు, హోదా, తేదీ రాయాలి. దానితోపాటే ధ్రువపత్రం. శుక్రవారం స్టాఫ్ రూములో కూర్చుని నింపాను. ప్రారంభించినవారు యర్రమ్మ. హోదా, ఊరికి పెద్ద. తేదీ, జనవరి ఏడు. ధ్రువపత్రంలో, ఆ రోజు నుంచి ఏ పిల్ల ఏం చూసిందో, ఏం చేసిందో రాసి, నూట పన్నెండు పేర్లూ వాళ్ళ చేతే రాయించాను. వెనక ఇంకో కాగితం పెట్టాను. పోయిన మార్చిలో నేను సంతకం చేసిన ధ్రువపత్రం అబద్ధమని, ఆ ఫొటోలో పిల్లలు ఏమీ చూడలేదని, ఆ తప్పు నాదేనని రాసి సంతకం పెట్టాను. సస్పెండు చేస్తే కొన్నాళ్ళు మీ దగ్గరకొచ్చి మీ చేతి వంట తింటాను, మీ అబ్బాయికి ఈ మాట మీరే చెప్పాలి.

కాగితాలు పట్టుకెళ్ళి హెడ్మాస్టరు గారికి ఇచ్చాను. ఆయన యర్రమ్మ పేరు దగ్గర ఆగారు, ముందుకు వెళ్ళారు, వెనక కాగితం రెండుసార్లు చదివారు. చింపేస్తారనుకున్నాను. చింపితే మళ్ళీ రాయాలని నిశ్చయించుకునే నిలబడ్డాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, ఇది తప్పుగా ఉందమ్మా అన్నారు. నాకు నరనరమూ మండింది. ఇంకా ఏం తప్పు సార్ అన్నాను.

"హెడ్మాస్టరు సంతకం లేకుండా టీచరు కాగితం పైకి పోదు. పద్ధతి" అని, కలం తీసి, "ఆ తప్పు నాదే" అన్న నా వాక్యంలో "నాదే" కొట్టేసి "మా ఇద్దరిదీ" అని రాశారు. నా పేరుకు పైన చోటు చూసుకుని సంతకం పెట్టి, బడి ముద్ర వేసి, ఇంకు ఆరేదాకా కాగితం పట్టుకునే కూర్చున్నారు.

నిన్న పొద్దున్న జీపులో ఆ కవరు పాడేరు తీసుకెళ్ళింది ఆయనే.

మీ కోడలు,
భానుశ్రీ